పథ్యంలో చెప్పనిది

ఆదెమ్మ పోయిన నాలుగో ఏట ఆమె జడ ఇంటికి తిరిగొచ్చింది.

తెచ్చినవాడు ఆమె తమ్ముడు తిరపతయ్య. పాత తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకుని, బస్సు దిగి మూడు మైళ్ళు నడిచి వచ్చాడు. నల్లవాగుపాలెంలో ఆ వేళకి ఆదెమ్మ మొగుడు చెంచురామయ్య అరుగు నిండి ఉంటుంది. ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి ఎముకలు బిగుసుకుపోయినవాళ్ళు, మోకాళ్ళు వంగనివాళ్ళు, నడుము నిలవనివాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి అతని మందు గోళీల కోసం కూర్చుంటారు. తిరపతయ్య వాళ్ళందరినీ దాటుకుని, బావ ముఖం వంక చూడకుండా, నడవలో ఉన్న మేనకోడలి చేతిలో ఆ మూట పెట్టాడు.

"ఆస్పత్రిలో తల అట్టలు కట్టిందని నర్సు కుదురుకంటా కత్తిరించింది గదమ్మా. ఏట్లో కలిపి రమ్మని మీ నాయన నాకిచ్చాడు. నాకు చేతులు రాలా. మా ఇంట్లోనే దాచా. నీ మిషను ఎంట్రుకని సదువుద్దంట గదా. మా అక్క ఎట్టా పోయిందో సదివి చెప్పు."

చెంచురామయ్య చేతిలోని డబ్బా మూత బిగించాడు. ఆ జడ ఏట్లో కొట్టుకుపోయిందనే నమ్మకం మీద అతను నాలుగేళ్ళు బతికాడు.

కూతురి పేరు మాలకొండమ్మ. కాలేజీలో పేరు చూసి నవ్వితే, మార్చుకోను పొమ్మన్న పిల్ల. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పని. ఆమె, ఇంకో నలుగురు కలిసి ఐదేళ్ళు కూర్చుని చేసిన యంత్రం ఇప్పుడు నడవలో బియ్యం డబ్బా పక్కన ఉంది. కుట్టుమిషను అంత ఉంటుంది. దానికి 'పాయ' అని పేరు పెట్టుకున్నారు. ఈ మధ్య ఏళ్ళలో ఆ చుట్టుపక్కల తొమ్మిది మంది కళ్ళు పచ్చబడి, కాలేయం చెడి, పది పదిహేను రోజుల్లో పోయారు. ఎందుకో తేల్చమని ఆమెను పంపారు. ఆ తొమ్మిది మందిలో తన తల్లి ఉందని ఆమె పైవాళ్ళకి చెప్పలేదు. చెబితే పంపేవాళ్ళు కాదు.

యంత్రం పనితనం ఆ పొద్దున్నే అరుగు మీదవాళ్ళు చూశారు. పుల్లమ్మ తల నుంచి ఒక వెంట్రుక కత్తిరించి గాజు పలక మీద పరిచింది మాలకొండమ్మ. సన్నటి వెలుగు కుదురు నుంచి కొసదాకా చీమలా నడిచింది. తెర మీద రంగురంగుల గీతలు లేచాయి.

"వెంట్రుక నెలకి గోరంత పెరుగుద్ది అవ్వా. ఆ గోరంతలో ముప్పై రోజులుంటాయి. ఏ రోజు ఏం మింగావో, ఎంత మింగావో ఇందులోకి ఎక్కుద్ది. ఇది బీపీ బిళ్ళ. మధ్యలో నాలుగు రోజులు మానేశావు."

"కొట్టుదాకా పోయే ఓపిక లేకమ్మా," అంది పుల్లమ్మ నోరు తెరిచి.

"శివరాత్రప్పుడు నిద్రబిళ్ళ వేసుకున్నావు. ఇదేమో కల్లు."

"అది చెప్పబాక తల్లో, కోడలు ఈడే కూచోనుండాది!"

అరుగంతా నవ్వింది. కోడలు నవ్వలేదు.

"జ్వరం బిళ్ళ మాత్రం రోజూ ఉందవ్వా."

"అదెవరు మింగరమ్మా? తలనొప్పంటే అదే, ఒళ్ళు నొప్పులంటే అదే. కొట్టులో బొరుగులతో పాటు ఇస్తారు."

అదీ నిజమే కదా అనుకుంది మాలకొండమ్మ. అందరి తలల నుంచీ తలా ఒక పాయ తీసుకుని, పేర్లు రాసి పొట్లాలు కట్టింది. తరవాత తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాన్నా, నీ మందులో వేరు పేరు చెబితే దీనికి నేర్పిస్తా. ఆ గీత పడితే గుర్తుపడుద్ది."

"పేరు పైకంటే మందు చచ్చిపోద్ది. మా తాత చెప్పలా, మా నాయన చెప్పలా. కట్టుకున్నదానికే నేను చెప్పలా."

అరుగు మీద తలలు ఊగాయి. పసరు మందు పేరు అడగడం ఆ ఊళ్ళో బూతు మాట్లాడటం కన్నా తప్పు.

"పోనీ రెండు గోళీలివ్వు. పేరు అడగనులే."

"రేపిస్తా. కొత్తవి చుట్టి."

మరునాడు ఇచ్చాడు. అవి వేరే గోళీలు.

వేరు మాట మొత్తం అబద్ధం కాదు. ఒకప్పుడు ఉండేది. కొండ వెనకవైపు ఎండ తగలని రాతి నెర్రెల్లో పాకే తీగ. తాత తండ్రికి చూపించాడు, తండ్రి అతనికి చూపించాడు. ఆరేళ్ళ కిందట గ్రానైటు కోసేవాళ్ళు కొండ ఆ పక్కని పలకలు పలకలుగా కోసుకుపోయారు. తీగ పోయింది. జనం పోలేదు. తెల్లారేసరికి అరుగు నిండేది. 'అయ్యా' అంటూ చేతులు కట్టుకునే మనుషులు. ఆ పిలుపు వదులుకోవడం చెంచురామయ్య వల్ల కాలేదు. జిల్లా దాటి, తననెవరూ ఎరగని ఊళ్ళో జ్వరం బిళ్ళలు పెట్టెలకి పెట్టెలు కొన్నాడు. పెరటి కొట్టంలో తలుపు వేసుకుని, కల్వంలో నూరి, సొంటి, బెల్లం, పసుపు కలిపి గోళీలు చుట్టాడు. గోళీకి బిళ్ళన్నర. రోజుకి నాలుగు గోళీలు. నొప్పులు పోయాయి. వేరు ఉన్నప్పటికన్నా బాగా పోయాయి. జనం రెట్టింపయ్యారు.

పథ్యం మాత్రం తాత చెప్పినదే. వంకాయ వద్దు, గోంగూర వద్దు, ఎండుచేప వద్దు. జనం ఆ పథ్యం ప్రాణం పెట్టి చేసేవాళ్ళు. పెళ్ళిలో వంకాయ కూర వడ్డిస్తే విస్తరి ముందు నుంచి లేచిపోయేవాళ్ళు. అదే మనుషులు జ్వరం తగిలితే కొట్టుకి పోయి బిళ్ళలు తెచ్చుకుని గోళీతో కలిపి ఒకే గుక్కలో మింగేవాళ్ళు. చెట్టు మందుకీ బిళ్ళకీ పేచీ ఉంటుందని ఎవరికీ తోచదు. పథ్యంలో ఒక్క మాట చేరిస్తే సరిపోయేది. బిళ్ళలు కూడా వద్దు అని. చేరిస్తే ఎందుకని అడుగుతారు. చెంచురామయ్య చేర్చలేదు.

ఆదెమ్మకి కూడా చెప్పలేదు.

ఆమె మొగుడి మందు మొగుడి చేతి మీదుగానే తీసుకునేది, కళ్ళకద్దుకుని. నాలుగేళ్ళ కిందట శ్రావణంలో ఆమెకి విషజ్వరం పట్టుకుంది. కొట్టు నుంచి బిళ్ళలు తెచ్చుకుంది. పూటకి రెండు, మూడు పూటలా. మొదటి రోజే అతను చూశాడు.

"ఏందే, ఊరికే బిళ్ళలు మింగతన్నావు?"

"జ్వరానికయ్యా. నీ మందు నొప్పులకి గదా."

"ఈ నాలుగు రోజులూ నా మందు ఆపు."

"ఆపడమేంది? సొంత పెళ్ళామే ఆపిందంటే బయటోళ్ళు ఏమనుకుంటారు? చెంబిట్టా ఇవ్వు."

అరుగు మీద మనుషులున్నారు. దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి ఒక్క మాట చెబితే ఆమె ఆపేది. కానీ ఆదెమ్మ కడుపులో మాట దాగదు. రేపు తమ్ముడికి చెబుతుంది, ఎల్లుండి బోరింగు దగ్గర చెబుతుంది. అతను ఆలోచించాడు. నీళ్ళ చెంబు అందించాడు. అలా ఎనిమిది రోజులు చూశాడు. తొమ్మిదో రోజు ఆమె కళ్ళు పచ్చబడ్డాయి.

టౌన్లో కుర్ర డాక్టరు అతన్ని పక్కకి పిలిచి అడిగాడు. "జ్వరం బిళ్ళలు ఎన్ని వేసుకున్నారావిడ? సరిగ్గా చెప్పండి. ఎక్కువ వేసుకుని ఉంటే విరుగుడు మందుంది, ఇప్పుడే ఎక్కిస్తాను." ఆదెమ్మకి అప్పటికే మాట పడిపోయింది. చెంచురామయ్య "పూటకొకటి" అన్నాడు. ఇంకేమైనా మందులు వాడారా అంటే, "చెట్టు వేరు. దాంతో ఏం కాదు" అన్నాడు. డాక్టరు అలాగే రాసుకున్నాడు. విరుగుడు ఎక్కించలేదు. ఆరో రోజు ఆదెమ్మ పోయింది. ఆ తరవాత నాలుగేళ్ళు చెంచురామయ్య అరుగు మీద కూర్చుని, ఇంగ్లీషు డాక్టర్లు తన పెళ్ళాన్ని పొట్టన పెట్టుకున్నారని చెప్పుకున్నాడు. చెప్పగా చెప్పగా అతనికే సగం నమ్మకం కుదిరింది.

జడ చిక్కు తీసి, కడిగి, ఆరబెట్టడానికే ఒక రోజు పట్టింది. మర్నాడు మధ్యాహ్నం మాలకొండమ్మ అందులో నుంచి ఒక వెంట్రుక తీసి పలక మీద పరిచింది. తిరపతయ్య గోడకి ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు. చెంచురామయ్య గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు, బయటికి పోలేదు.

వెలుగు నడిచింది. గీతలు లేచాయి. అన్నిటికన్నా ఎత్తుగా ఒకే రంగు గీత, కుదురు దగ్గర తాటిచెట్టంత.

మాలకొండమ్మ ఆ వెంట్రుక తీసేసి ఇంకొకటి పరిచింది. తరవాత ఇంకొకటి. మూడూ ఒకే మాట చెప్పాయి.

"ఏమైందమ్మా?" అన్నాడు తిరపతయ్య.

"అమ్మ రోజుకి పన్నెండు జ్వరం బిళ్ళలు మింగింది మావా. ఎనిమిది రోజులు. దాంతో కాలేయం పోయింది."

"పన్నెండా! దానికేం పిచ్చా?"

"కొట్టాయన్ని పొద్దున అడిగా. రోజుకి ఆరే పట్టుకెళ్ళిందంట. ఆయనకి బాగా గుర్తుంది." ఆమె తెర వైపే చూస్తోంది. "మిగతా ఆరూ ఎవరికీ తెలీకుండా మింగింది. అంతకు ముందు నెలల్లో కూడా రోజూ ఆరేసి ఉన్నాయి. ఎక్కడో దాచుకుంది. దాచుకుని మింగారంటే పిచ్చి కాదు మావా."

తిరపతయ్యకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

మాలకొండమ్మ తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నువ్వు చూశావా? ఎన్ని మింగేది?"

చెప్పాల్సింది అప్పుడే. ఆ మాట చెంచురామయ్యకి తెలుసు. నాలిక చివర ఉన్న మాటని అతను రెండుసార్లు మింగాడు.

"నేను అరుగు మీదుంటా. లోపల ఆమె ఏం మింగిందో నాకేం తెలుసు?"

"మీ ఇద్దరికీ ఏమైనా గొడవైందా?"

"మాకేం గొడవ? నీ మీదే బెంగ."

కూతురి ముఖంలో నెత్తురు దిగిపోవడం అతను చూశాడు. తల్లి పోయిన ఆ నెలలో, తల్లి చేసిన ఫోన్లు ఆమె ఎత్తలేదు. ఈ యంత్రం పనే అప్పుడు జోరుగా సాగుతోంది. ఒకసారి ఎత్తి, 'మాటిమాటికీ చెయ్యబాకమ్మా, నేనే చేస్తా' అంది. చెయ్యలేదు. ఇరవై రోజుల తరవాత ఆసుపత్రి నుంచి కబురొస్తే వచ్చింది. ఆ సంగతంతా ఆమె తెర ముందు కూర్చుని, ఎవరూ అడగకుండానే, మేనమామకి చెప్పింది. చెంచురామయ్య గుమ్మంలో నిలబడి విన్నాడు. వినేసి అరుగు మీదికి పోయాడు. మందు కోసం ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు.

మాట ఊళ్ళో పాకింది. తిరపతయ్యే పాకించాడు, ఏడుపు ఆపుకోలేక. ఆదెమ్మ కావాలని మింగిందంట. కూతురు పట్టించుకోలేదని మింగిందంట. కాదు, మొగుడు పెట్టిన బాధకంట. చనిపోయిన మనిషి మీద ఎవరికి తోచింది వాళ్ళు పోశారు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు ఆమె పేరు తీసి, గొంతు తగ్గించి, ఆ ఇంటి వైపు చూసేవాళ్ళు. తిరపతయ్య ఒకరోజు తాగొచ్చి అరుగు ముందు నిలబడ్డాడు.

"ఏం చేశావురా మా అక్కని? నోరు మంచిదే, మనసు మంచిదే, దాన్ని బిళ్ళలు మింగేదాకా ఏం చేశావురా బావా?"

"నీ మేనకోడల్ని అడుగు," అన్నాడు చెంచురామయ్య.

ఆ మాట అనేసినందుకు అతనికి ఆ రోజు అన్నం సయించలేదు. మర్నాడు సయించింది. ఆదెమ్మ తద్దినానికి తిరపతయ్య రాలేదు. కావాలని పోయినవాళ్ళకి పిండం పెట్టించనని పురోహితుడు కూడా గొణిగి, చివరికి పెట్టించాడు. ఇంత జరిగినా మందు మీద మచ్చ పడలేదు. అరుగు మీద జనం తగ్గలేదు.

మాలకొండమ్మ హైదరాబాదు నుంచి ఆదివారాలు ఫోన్ చేసేది. ఇదివరకెప్పుడూ చెయ్యనంత క్రమంగా. గొంతు ఆరిపోయినట్టుండేది.

"నాన్నా, ఆ రోజుల్లో అమ్మ నా గురించి ఏమైనా అందా?"

ఏమీ అనలేదని చెబితే ఆ పిల్ల ఒక పూటైనా నిద్రపోయేది. చెంచురామయ్య అది కూడా ఆలోచించాడు. కానీ ఏమీ అనలేదంటే ఇంకో ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వెనక ఇంకొకటి.

"ఫోన్ చెయ్యలేదని అంటా ఉండేది," అన్నాడు. అందులో అబద్ధం లేదు.

ఆమె ఫోన్ పెట్టేసింది. మళ్ళీ ఆదివారం చేసింది. మళ్ళీ అదే అడిగింది. ఏడు నెలలు అదే ప్రశ్న, అదే జవాబు.

ఎనిమిదో నెలలో ఫోన్ రాలేదు. ఆమే వచ్చింది.

మధ్యాహ్నం. చెంచురామయ్య పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. మాలకొండమ్మ సంచి కింద పెట్టలేదు. చెప్పులు విప్పలేదు. మనిషి సగమైంది.

"నేను పొట్లాలు కట్టుకుపోయిన తలలు ముప్పై నాలుగు నాన్నా. చెయ్యాలనిపించక మూల పడేశా. పోయిన నెల తీసి చదివా."

"ఊఁ. కూచో, అన్నం తిను."

"ముప్పై నాలుగింటిలోనూ జ్వరం బిళ్ళ ఉంది. పుల్లమ్మవ్వకి రోజుకి ఆరు. అంకయ్యకి ఆరు. పెదకాపు కోడలికి ఆరు. కొట్టులో కొనుక్కునేవాళ్ళయితే ఒకళ్ళు రెండేసుకుంటారు, ఒకళ్ళు నాలుగేసుకుంటారు, ఓ రోజు మానేస్తారు. ఇంతమందీ కూడబలుక్కున్నట్టు ఆరేసి ఎట్టా మింగతారు?"

చెంచురామయ్య మజ్జిగ పోసుకున్నాడు.

"అమ్మకీ అంతే. ముందు నుంచీ ఆరు. అవి ఆమె దాచుకున్నవి కాదు. నువ్వు నాకిచ్చిన గోళీలు కూడా పరీక్ష చేయించా. సొంటి, బెల్లం, పసుపు. వేరు కూడా లేదు అందులో. సొంటి బెల్లానికి మోకాళ్ళు వంగుతాయా నాన్నా?"

"ఎవరి నమ్మకం వాళ్ళది."

"నీ నమ్మకం ఎంతో కూడా చూశా. నీ క్రాపు వెంట్రుకలు కావాలని అడిగితే మంగలి రోశయ్య కవర్లో పెట్టి పంపాడు. అందులో ఏమీ లేదు. పాలు తాగే పిల్లాడి తలలాగుంది. పొద్దున్నే అరుగు మీద అందరి ఎదురుగా నీ గోళీ నోట్లో వేసుకుంటావు గదా. పుక్కిట పెట్టుకొచ్చి పెరట్లో ఊసేస్తావా?"

అతను మజ్జిగ గిన్నె పక్కకి జరిపాడు.

"నీకు మోకాళ్ళ నొప్పుల్లేవా?"

"ఉన్నాయి."

"ఎంత?"

"మంచం దిగేటప్పుడు ప్రాణం పోద్ది."

"మరి నువ్వెందుకు మింగలా?"

కలుపుకున్న అన్నం వేళ్ళకి ఎండిపోతోంది. చెంచురామయ్య దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"కొట్టు బిళ్ళలు అమ్మ మింగతంటే చూశావా?"

"చూశా."

"ఎన్ని రోజులు?"

"ఎనిమిది."

"డాక్టరు అడిగితే ఎన్నని చెప్పావు?"

"మూడు."

మాలకొండమ్మ తల ఊపింది, లెక్క సరిపోయినట్టు. ఏడుస్తుందనుకున్నాడు. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పి ఓదార్చవచ్చనుకున్నాడు. ఆమె ఏడవలేదు.

"ఏడు నెలలు, నాన్నా. ప్రతి ఆదివారం. నువ్వు తెలిసే చెప్పావు."

"నా పేరు పోద్దని..."

"చెయ్యి కడుక్కో. మా ఆఫీసుకి కాగితం రాసిచ్చా, పోలీసులకి వాళ్ళే పంపారు. రెండు మూడు రోజుల్లో వస్తారు. రేపు పొద్దున మాత్రం అరుగు మీద నువ్వే చెప్తావు. నీ నోటితో. నేను చెబితే, చదువుకుని కూతురు చెడిపోయిందని చచ్చేదాకా చెప్పుకుంటా కూచుంటావు."

"చెప్పకపోతే?"

"తిరపతయ్య మావకి ముందు నేను చెప్తా. తరవాత నీ ఇష్టం."

పొద్దున్న అరుగు మామూలుగానే నిండింది. పుల్లమ్మ కోడలి భుజం పట్టుకుని వచ్చింది. పోయినేడు కళ్ళు పచ్చబడి పెళ్ళాం పోయిన అంకయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. ముందు వరసలో కూర్చున్నాడు. మాలకొండమ్మ గుమ్మంలో నిలబడింది.

చెంచురామయ్య గోళీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఈ మందులో వేరు లేదు. ఆరేళ్ళ నుంచీ లేదు. జ్వరం బిళ్ళలు నూరి కలుపుతన్నా. దీని మీద మీరు మళ్ళీ కొట్టు బిళ్ళలు మింగబట్టి జనం పోయారు. ఆదెమ్మ కూడా అట్టానే పోయింది. కావాలని పోలా. నేను చూస్తానే ఉన్నా. నేనెప్పుడూ ఈ గోళీ మింగలా."

రాళ్ళు పడతాయని అతను ఎదురు చూశాడు. ఒకరకంగా వాటి కోసమే చూశాడు.

అంకయ్య కర్ర మీద రెండు చేతులూ ఆనించాడు. "అయితే మా ఇంటిది..."

"ఆమే అంతే."

అంకయ్య తల ఎత్తి మాలకొండమ్మని అడిగాడు.

"అమ్మా, కొట్టు బిళ్ళలు మానేసి ఈ గోళీ ఒక్కటే మింగితే ఏం కాదు గదా?"

"ఏందయ్యా నువ్వడిగేది?" అంది మాలకొండమ్మ. "మీ ఆవిడ పోయింది దీంతోనే."

"పోయింది. నేనుండా గదా. రాత్రంతా నొప్పికి అరస్తా ఉంటే నా గోడు ఎవరు వింటారు?"

"ఏ గోళీలో ఎంత పడిందో చుట్టినాయనకే తెలీదు. ఆస్పత్రికి రండి. ఏం వేసుకుంటన్నారో అన్నీ చెప్పండి, చెట్టు మందైనా సరే, కొట్టు బిళ్ళైనా సరే. డాక్టరు చూసి ఇస్తారు."

"టౌనుకి ఎవరు తీసకపోతారు మమ్మల్ని? నువ్వా?" అన్నాడు వెనక నుంచి ఒకడు. ఇంకొకడు చెంచురామయ్య మీద విరుచుకుపడ్డాడు. "ఇప్పుడు పేరెందుకు పైకన్నావయ్యా? బాగా పని చేసే మందుని చేతులారా చంపుకున్నావు."

"ఎండెక్కతా ఉండాది," అంది పుల్లమ్మ. "ఇస్తావా, ఇవ్వవా?"

చెంచురామయ్య చెయ్యి డబ్బా మూత మీదికి పోయింది. తెలిసి పోయిందో, అలవాటున పోయిందో అతనికే తెలియదు. మాలకొండమ్మ వచ్చి డబ్బా లాక్కుంది. మూత పీకి, మెట్ల కింద వీధిలోకి విసిరికొట్టింది. గోళీలు దుమ్ములో, పేడలో, మురిక్కాలవ గట్టున చెల్లాచెదురుగా దొర్లాయి.

అందరూ అరుగు దిగారు.

మోకాళ్ళు వంగని మనుషులు వంగారు. కర్రలు పారేసి, చేతులు నేలకి ఆనించి, మూలుగుతూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని చతికిలబడ్డారు. దుమ్ములో వేళ్ళు పెట్టి వెతికారు. దొరికినది కొంగుకి తుడిచి ముడి వేసుకున్నారు. పెదకాపు కోడలు మురిక్కాలవ గట్టున ఉన్నదానికి చెయ్యి చాపితే, అంకయ్య ఆమె చేతిని మోచేత్తో నెట్టేశాడు. మాలకొండమ్మ వాళ్ళ మధ్యకి పోయి, పిడికిళ్ళు విప్పదీసి లాక్కోబోయింది. ముసలి పిడికిళ్ళు. ఒక్కటీ ఊడి రాలేదు.

ఆమె లేచి నిలబడి తండ్రి వైపు చూసింది. చేతులు రెండూ మట్టి.

"చూస్తా కూచున్నావేం? ఇప్పుడు కూడానా? దిగు. ఏరు."

చెంచురామయ్య దిగాడు. మెట్టు మెట్టుకీ గోడ పట్టుకున్నాడు. వీధిలో నిలబడి మోకాలు వంచబోతే ఎముక చిట్లినట్టు లోపల చప్పుడైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళు బిగించి, ఒక చెయ్యి నేలకి ఆనించి, రెండో మోకాలూ దించాడు. దగ్గరలో ఒక గోళీ కనపడింది. చెయ్యి చాపాడు.

పుల్లమ్మ ఆ చేతి మీద చరిచి గోళీ తీసుకుంది.

"నీకెందుకయ్యా?" అంది. "నువ్వు మింగవు గదా."